హాలమ్ దొర అడిగినవి

హాలమ్ దొర గురించి కైతారాకు తెలిసినంత ఆయన భార్యకు కూడా తెలియదు. ఆవిడ ఈ దీవుల్లో ఉన్నదే రెండేళ్లు. కైతారా మాత్రం ఆయనకు గుమాస్తాగా, దుబాసీగా, ఆ తర్వాత చుట్టంగా ఇరవై ఆరేళ్లు గడిపాడు. దొరకు కోపం వస్తే ఏ చెవి ముందు ఎర్రబడుతుందో, పైవాళ్లకు ఇష్టం లేని ఉత్తరం రాయాల్సి వస్తే కలం ఎన్నిసార్లు తుడుస్తాడో కైతారాను అడిగితే చెబుతాడు. అడిగితేనే. తనంతట తాను నోరు విప్పే మనిషి కాదు, అదే అతని గుణం, అతని రోగం కూడా.

దొర బేరూ దీవిలో దిగింది 1937లో. అప్పటికి ఇరవై నాలుగేళ్లు. తండ్రి ఏదో ఎడతెరిపి లేకుండా వాన కురిసే ఊళ్లో చర్చి గురువట. కొడుకు ఇప్పుడెవరూ మాట్లాడని భాషలు చదువుకుని, పరీక్ష రాసి, మనుషులు మాట్లాడే భాష ఒక్కటీ రాకుండా ఇంతదూరం వచ్చాడు. ఇక్కడివాళ్లు పగడపు దిబ్బ మీద వట్టికాళ్లతో నడుస్తారని ఎక్కడో చదివాడు కాబోలు, ఓడ దిగగానే బూట్లు చేత్తో పట్టుకుని నడిచాడు. మూడు వారాలు పాదాలకు గుడ్డలు చుట్టుకుని మంచం మీద ఉన్నాడు. బేరూ ఆడవాళ్లు ఆయనకు పెట్టిన మొదటి పేరు గుడ్డకాళ్ల దొర. అది ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆయన పని భూములు కొలవడం. బేరూ ఇరుకు దీవి. ఇటు సముద్రం నుంచి అటు సముద్రం దాకా నేలను పేలికలు పేలికలుగా పంచుకుని బతుకుతారు. ఒక్కొక్కడికి తొమ్మిదో పదో కొబ్బరి చెట్లు, చేమదుంపలు పండించే గుంటలు, చేమగుంటలు, ఒకటో రెండో. ఎవరిది ఎంతో రాసి పెట్టమని ప్రభుత్వం దొరను పంపింది. కొలిచే గొలుసు ఒక కొస దొర పట్టుకుంటే, మిషను బడిలో ఇంగ్లీషు నేర్చిన కైతారా రెండో కొస పట్టుకునేవాడు. అతనికి ఇరవై ఒకటి. రోజంతా ఎండలో ఒకే గొలుసు పట్టుకుని తిరిగితే ఇద్దరి మధ్య కొంత చనువు రాక తప్పదు.

ఊరంతా కూడే పెద్ద కొట్టాన్ని మనేబా అంటారు. అందులో ఏ ఇంటివాళ్లు ఏ దూలం కింద కూర్చోవాలో తాతల నాటి లెక్క. దొర మొదటిరోజు వచ్చి, గాలి బాగా తగులుతుందని వేరే ఇంటివాళ్ల చోట్లో చతికిలబడ్డాడు. వెనక ఆడవాళ్లు మూతి మూసుకుని నవ్వారు. కైతారా తండ్రి తెరావోయి ముసలాయన లేచి, మెల్లగా నడుచుకుంటూ వెళ్లి, దొర చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పరాయి పిల్లవాడు నలుగురిలో చిన్నబోతాడని అలా చేశాడంతే. కానీ చోటిచ్చాక కథ మారిపోతుంది. ఆ పూట నుంచి ఆయన ఆ ఇంటి మనిషి, తెరావోయికి కొడుకు, కైతారాకు అన్న. దొర ఈ సంగతి తెలుసుకుని పొంగిపోయాడు, ఇంటికి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. కైతారా తల్లి ఆయన కోసం రోజూ చేప తలకాయ తీసి పెట్టేది. ఆయనకు అది తినడం రాదు, అయినా తిన్నాడు.

మంచివాడు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పబోయేది వంకరగా వినిపిస్తుంది.

ఇక్కడ బుబుతి అని ఒకటుంది. బుబుతి అంటే అడగడం. అయినవాళ్లు ఎదురుగా కూర్చుని, మోకాలి మీద చెయ్యేసి నాకిది కావాలి అంటే కాదనకూడదు. పడవ అడిగితే పడవ ఇవ్వాలి, పిల్లను పెంపకానికి అడిగితే పిల్లను ఇవ్వాలి. కాదన్నవాడికి మళ్లీ మనేబాలో ముఖం చెల్లదు. ఇచ్చినవాడు ఇష్టం లేకపోయినా ఇచ్చానని తర్వాత సణగకూడదు. సణిగితే అసలు ఇవ్వనట్టే లెక్క. అందుకే అడిగేవాళ్లు కూడా ఆచితూచి అడుగుతారు, ఎదుటివాడి కడుపు కొట్టేది అడగరు. దొరకు ఈ ఆచారం తెగ నచ్చింది. దాని మీద పన్నెండు పేజీల వ్యాసం రాసి లండన్‌లో పండితుల పత్రికకు పంపాడు. టైపు కొట్టింది కైతారాయే. అందులో ఒక్క తప్పు లేదు.

రెండేళ్లు గడిచాక ప్రభుత్వానికి ఒక ఆలోచన వచ్చింది. బేరూకి తూర్పున, పది రోజుల ప్రయాణంలో, మారోనా అని మనుషుల్లేని దీవి ఉంది. బేరూ ఇరుకు తగ్గించడానికి కొన్ని కుటుంబాలను అక్కడ దించాలి. వెళ్లేవాళ్లు ఇక్కడి భూమి వదులుకోవాలి. ఎవరినీ బలవంతం చేయకూడదు, ఇష్టపడినవాళ్లే రావాలి, ఆ ఇష్టాన్ని కాగితం మీద రాయాలి. పని దొర చేతిలో పెట్టారు. ఆయన ఉద్యోగంలో అదే మొదటి పెద్ద పని. మనేబాలో మూడు రోజులు మాట్లాడాడు. మారోనాలో చేపలు ఎన్నో, నేల ఎంతో, అన్నీ చెప్పాడు. ఒక్కడూ ముందుకు రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర దొర జరిగి తెరావోయి పక్కకు వచ్చాడు. కొడుకులు ఎలా కూర్చుంటారో చూసి నేర్చుకున్నాడు కదా, అచ్చం అలాగే కూర్చుని ముసలాయన మోకాలి మీద చెయ్యేశాడు.

"నాన్నా, నాకు నీ ఇల్లు కావాలి, మారోనాకు. నువ్వు కదిలితే మిగతావాళ్లు కదులుతారు."

తెరావోయి నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. కాసేపు పైన ఆకుల కప్పు వైపు చూశాడు. ముద్ద మింగాడు.

"సరే నాయనా. తీసుకో."

దొర ఎడమ చెవి ఎర్రబడింది, అది సంతోషానికి కూడా ఎర్రబడుతుందని కైతారాకు ఆరోజే తెలిసింది. తెరావోయి వెళ్తున్నాడంటే ఇంకో పదకొండు ఇళ్లవాళ్లు మొహమాటానికి లేచారు. సాయంత్రం దొర నివేదిక చెబుతుంటే కైతారా రాశాడు. తెరావోయి తన ఇష్టప్రకారం, ఎవరి ఒత్తిడీ లేకుండా భూమి వదులుకున్నాడు అన్నచోట అతని చెయ్యి ఆగింది. ఏం తమ్ముడూ, సిరా అయిపోయిందా అని దొర అడిగాడు. లేదన్నా అని కైతారా మిగతా వాక్యం రాసేశాడు. దొర తెలిసి చేయలేదు. అది కైతారాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. వాళ్లలో వాళ్లు ఒకరినొకరు అడిగితే బుబుతి, తను అడిగితే ప్రభుత్వం మర్యాదగా చేసిన మనవి అని దొర అనుకున్నాడు. ఆ తేడా ఆయనకు చెప్పాలంటే నాన్న ఇచ్చినదాన్ని గురించి సణగాలి. అందుకని చెప్పలేదు.

మారోనాలో మొదట బావులు తవ్వారు, తర్వాత చేమగుంటలు తవ్వారు, కొబ్బరి పాతారు. మొదటి సమాధి తెరావోయిదే, రెండో ఏడు తిరక్కుండా. చివరి వారం మంచం పడమటికి తిప్పి వేయమన్నాడు. బేరూ అటువైపే. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

కైతారా మారోనాకు గుమాస్తా అయ్యాడు. పుట్టుకలు, చావులు, వానలు రాసేవాడు. పొద్దున్నే చెట్టెక్కి కల్లు గీసేవాడు, మధ్యాహ్నం వైర్‌లెస్ దగ్గర కూర్చునేవాడు. పక్క గుడిసె పిల్ల రకేరాను చేసుకున్నాడు. నోట్లో నాలుక లేని మగడికి దేవుడు చూసి చూసి ఆమెను జతచేశాడు. ఆవిడ ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. యుద్ధం రోజుల్లో పద్నాలుగు నెలలు ఓడ రాలేదు. పీతలు, సముద్రపు పిట్టలు తిని బతికారు. ఒక కూతురు పుట్టింది, తేవే. పద్నాలుగో ఏట బేరూ మిషను బడికి పంపారు. అక్కడే పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయింది. దానికి ఇద్దరు పిల్లలు. వాళ్ల పేర్లు ఉత్తరాల్లో తెలుసు, ముఖాలు తెలియవు.

ఈలోగా హాలమ్ దొర పైకి వెళ్లాడు. యుద్ధంలో ఏదో రహస్యపు పని చేశాడు. తర్వాత భూముల కమిషనర్ అయ్యాడు. ఆ తర్వాత ప్రభుత్వం ఉండే తరావా దీవిలో పెద్ద దొరకు కింద దొర. రాజుగారు పతకం పంపారు. ముప్పై ఆరో ఏట మార్జరీ అనే ఆవిడను పెళ్లాడి తీసుకొచ్చాడు. ఆవిడ ఎండనూ, బల్లులనూ, ఆయన మౌనాన్నీ రెండేళ్లు భరించి ఓడెక్కింది. పిల్లల్లేరు. ఆ ఏడు దొర మారోనా వచ్చి, మనేబాలో తెరావోయి ఇంటి చోట్లో చాప మీద వెల్లకిలా పడుకుని, నాకు మిగిలిన ఇల్లు ఇదొక్కటే తమ్ముడూ అన్నాడు. కైతారాకు జాలేసింది. అది నిజమైన జాలి.

వచ్చినప్పుడల్లా దొర ఏదో ఒకటి అడిగేవాడు. ఒకసారి చాప. ఒకసారి సొరచేప పళ్లు పొదిగిన తాతలనాటి కత్తి, ఇంగ్లండులో ఏదో ప్రదర్శనశాలకు ఇస్తానని. ఒకసారి తెరావోయి వాడిన బాడిస. కైతారా అన్నీ ఇచ్చాడు. దొర కూడా ఊరికే ఉండేవాడు కాదు, డబ్బా మాంసం, పొగాకు పంపేవాడు. ఒక ఏడు సైకిలు పంపాడు. ఆ ఇసకలో సైకిలు నాలుగడుగులు కదలదు. రకేరా దాని చక్రాల మీద చేపలు ఎండబెట్టేది. కైతారా మాత్రం ఇరవై నాలుగేళ్లలో దొరను ఏదీ అడగలేదు. అడిగితే ఇవ్వలేకపోతాడేమో, ఇవ్వలేకపోతే ఆ సిగ్గు తమ ఇంటి చోటుకే కదా అని ఊరుకున్నాడు.

తర్వాత వానలు పోయాయి. మూడేళ్లు వరసగా పోయాయి. బావుల్లో నీళ్లు ఉప్పెక్కాయి, చేమగుంటలు ఎండి నెర్రెలిచ్చాయి, కొబ్బరి మట్టలు చెట్టున ఉండగానే వడిలిపోయాయి. ప్రభుత్వం మళ్లీ ఆలోచించింది. మారోనా జనాన్ని సాలమన్ దీవులకు తీసుకుపోవాలని తేల్చింది. అక్కడ అడవి ఉంది, వాన ఉంది, మలేరియా కూడా ఉంది. బేరూకి తిరిగి వెళ్తామంటే కుదరదు. భూమి లేనివాణ్ణి బేరూలో దింపరు. సాలమన్ నుంచి బేరూ వైపు ఓడలు రావు. ఈ మాట చెప్పి జనాన్ని కదిలించడానికి హాలమ్ దొర వచ్చాడు. ఇది ఆయన ఆఖరి పని. ఇది కాగానే ఉద్యోగం అయిపోతుంది, ఇంగ్లండు వెళ్లిపోతాడు.

అదే ఓడలో బేరూ నుంచి కైతారా పినతండ్రి కొడుకు బరనికో ఉత్తరం వచ్చింది. తెరావోయి వదులుకున్న పేలిక అతని చేతుల్లోనే ఉంది. నాకు పిల్లల్లేరు, వచ్చి మీ నేల మీరు తీసుకోండి అని రాశాడు. అయితే కొత్త భూముల కోర్టు ఒక షరతు పెట్టింది. ఇష్టపడి వదులుకున్న భూమి తిరిగి రాదు. ఇష్టం లేకుండా వదులుకున్నదైతే వస్తుంది. అలా అని ఆ రోజు నివేదిక రాసిన అధికారి సంతకం చేసి ఇవ్వాలి. ఒక్క కాగితం, నాలుగు వాక్యాలు. ఆ నివేదిక రాసిన అధికారి ఇప్పుడు మారోనా అతిథి గృహం వరండాలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఇంకో నాలుగు రోజుల్లో జనాన్ని ఎక్కించుకుని వెళ్లిపోతాడు.

రకేరా ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది.

"ఇంకేం ఆలోచిస్తున్నావయ్యా? పోయి అడుగు."

"అడగాలి."

"అడగాలి అంటూ ఇరవై నాలుగేళ్లు నోరు కుట్టుకు కూర్చున్నావు. చాపలు ఇచ్చావు, కత్తి ఇచ్చావు, మీ నాన్న బాడిస ఇచ్చావు. ఆయన నీకో సైకిలిచ్చాడు. ఇప్పుడన్నా అడుగు. నేను పోయేలోగా ఆ ఇద్దరు పిల్లల ముఖాలు చూడాలి. నాకింకేం అక్కర్లేదు."

ఆవిడ ఏడవలేదు. మొగలాకులు చీలుస్తూనే ఆ మాట చెప్పింది. కైతారాకు గట్టిగా ఏదో అనిపించాల్సింది, అనిపించలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు కదా, లోపల అలా ఉంది. ఆ తిమ్మిరి ఎప్పుడు పట్టిందో అతనికి గుర్తులేదు, బహుశా నివేదిక రాసిన సాయంత్రమే పట్టి ఉంటుంది.

మొదటి రెండు రోజులూ దొర మనేబాలో మాట్లాడాడు. సాలమన్‌లో నీళ్లు ఎన్నో, నేల ఎంతో చెప్పాడు. జనం విన్నారు. ఎవరూ పేరివ్వలేదు. ఇక్కడ పాతిన చెట్లు, ఇక్కడ పూడ్చిన మనుషులు, వీటిని వదిలి రెండోసారి కదలమంటే ఎవరికి మనసొస్తుంది? దొర ముఖం నల్లబడింది. ఆయనకు యాభై ఏళ్లు. చర్మం ఎండకు చెడిపోయి అక్కడక్కడ పొలుసులు లేచాయి. ఆఖరి పని చేయలేక తిరిగి వెళ్లాల్సి వస్తుందేమోనని భయపడుతున్నాడని కైతారాకు ఒక్కడికే తెలుసు.

మూడో రోజు పొద్దున కైతారా ఉతికిన చొక్కా తొడుక్కుని అతిథి గృహానికి వెళ్లాడు. దొర కుర్చీలో ఉన్నాడు. కైతారా రెండో కుర్చీలో కూర్చోలేదు, కింద చాప మీద కూర్చున్నాడు. జరిగి, దొర మోకాలి మీద చెయ్యేశాడు.

దొర చేతిలో కప్పు కింద పెట్టేశాడు. ఆ చెయ్యి అంటే ఏమిటో పన్నెండు పేజీలు రాసినవాడు కదా. ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగని తమ్ముడు అడుగుతున్నాడని ఆయనకు సంతోషం కూడా కలిగింది.

"అడుగు తమ్ముడూ. నా దగ్గర ఉన్నదేదైనా సరే."

కైతారా బరనికో ఉత్తరం ఇచ్చాడు. దొర చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఎడమ చెవి ఎర్రబడింది, ఈసారి సంతోషానికి కాదు. వరండా అవతల ఆడవాళ్లు ఎండబెట్టిన చేపలు తిరగేస్తున్నారు. వాళ్లలో రకేరా ఉంది. ఇటు చూడడం లేదు.

"ఇష్టం లేకుండా అంటే..." అని దొర ఆగాడు. "నేను అక్కడే ఉన్నాను కదా. నాన్న నా కళ్లెదురుగా సరే అన్నాడు."

"అన్నాడన్నా."

"నేను భయపెట్టలేదు. ఆశ పెట్టలేదు. నువ్వూ అక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

చెప్పకుండా చెప్పే దారి ఒకటి కైతారాకు తోచింది. ఇరవై నాలుగేళ్లలో అంత ధైర్యం ఎప్పుడూ చేయలేదు.

"అన్నా, బుబుతి గురించి మీరు రాసిన పన్నెండు పేజీలు ఒకసారి మళ్లీ చదవండి."

దొర నవ్వాడు. ఆ నవ్వులో అలసట ఉంది, ప్రేమ కూడా ఉంది. "అవి నాకు కంఠతా వచ్చు. అందుకే కదా నిన్ను కాదనకుండా కూర్చున్నాను. నువ్వు నా తమ్ముడివి. నువ్వడిగింది నేనివ్వాలి. అంతే కదా?"

అంతే అన్నట్టు కైతారా కనుబొమలు ఎగరేశాడు. ఇక్కడ అవునంటే అదే. దొర ఆ పేజీల్లో తనను తాను ఎప్పుడూ చూసుకోలేదు, ఇప్పుడూ చూసుకోడు.

దొర కాగితం తీసుకున్నాడు, కలం మూత తీశాడు. నిబ్బు గుడ్డతో తుడిచాడు. మళ్లీ తుడిచాడు. కైతారా లెక్కపెట్టాడు, నాలుగుసార్లు తుడిచాడు.

"నేను అబద్ధానికి సంతకం పెట్టలేను, అది నీకు తెలుసు. కానీ నిజమైతే పెడతాను. ఆయన నీ తండ్రి. ఆయన మనసు నాకంటే నీకే తెలియాలి. ఇష్టం లేకుండా ఇచ్చాడని నువ్వొక్క మాట చెప్పు, ఇక్కడే, ఇప్పుడే రాసిస్తాను. ఈ దీవుల్లో నేను చేసిన మొదటి పనే తప్పని నా చేత్తో నేనే రాస్తాను. పైవాళ్లేమన్నా అనుకోనీ." కలం కాగితానికి ఆనించాడు. "చెప్పు కైతారా. నాన్నకు ఇష్టం లేదా?"

ఆ క్షణంలో హాలమ్ దొర నిజంగానే రాసేవాడు. ఆ సంగతి గురించి కైతారాకు తర్వాత ఎప్పుడూ అనుమానం రాలేదు. ఒక్క మాట చాలు. మాట కూడా అక్కర్లేదు, కనుబొమలు ఎగరేస్తే చాలు. బేరూలో పేలిక వస్తుంది, తేవే వస్తుంది, ఇద్దరు పిల్లల ముఖాలు వస్తాయి. దానికి బదులు తెరావోయి ఇచ్చి సణిగినవాడు అవుతాడు. బతికుండగా ఒక్క మాట అనని మనిషి, చచ్చాక కొడుకు నోటితో సణిగినవాడు అవుతాడు. ఇచ్చింది ఇవ్వనట్టు అవుతుంది. మంచం పడమటికి తిప్పించుకున్న ముసలాయన ఆ వారమంతా పళ్ల బిగువున దాచుకున్నదాన్ని కాగితం మీద రాసి కోర్టులో చదువుతారు.

రకేరా ఇటు తిరిగి చూసింది. చేతిలో చేప అలాగే ఉంది.

"అదేం లేదన్నా" అన్నాడు కైతారా. "నాన్న ఇష్టపడే ఇచ్చాడు."

దొర కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కలానికి మూత పెట్టాడు. నాకు తెలుసు, నాకు తెలుసు అని రెండుసార్లు అన్నాడు. ఇరవై నాలుగేళ్లుగా మోస్తున్న బరువేదో దిగినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ బరువు ఆయన మీద ఉందని ఆయనకే ఇప్పుడు తెలిసి ఉంటుంది. మరి సంతకం పెట్టలేనని నీకర్థమైంది కదా, ఇంకేదైనా అడుగు, ఏదైనా ఇస్తాను అన్నాడు. ఏమీ లేదన్నా అన్నాడు కైతారా. దొర టీ పోయించాడు, చక్కెర రెండు చెంచాలు తనే వేశాడు. తెరావోయి గురించి మాట్లాడాడు. చేప తలకాయ తినడం నేర్పింది ఆయనే అన్నాడు. నేర్పింది ఆయన కాదు, కైతారా తల్లి. కైతారా సరిదిద్దలేదు. చల్లారిన టీ తాగాడు, తీపి తెలియలేదు.

టీ అయ్యాక దొర ముందుకు వంగాడు. కైతారా మోకాలి మీద చెయ్యేశాడు. పాదాలకు గుడ్డలు చుట్టుకున్న రోజుల్లో నేర్చుకున్న పద్ధతి, ఒక్క వేలు కూడా తప్పులేకుండా వేశాడు.

"తమ్ముడూ, జనం కదలడం లేదు. నువ్వే చూశావు. నీళ్లు లేక ఇక్కడే చచ్చిపోతారు. నువ్వు కదిలితే మిగతావాళ్లు కదులుతారు. సాలమన్ జాబితాలో మొదట నీ పేరు రాసుకోనా?"

ఆయన ముఖంలో మోసం లేదు. జనం మీద బెంగ ఉంది, ఆఖరి పని మీద బెంగ ఉంది, తమ్ముడి మీద నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని చూస్తుంటే కైతారాకు కోపం రావాల్సింది. రాలేదు. వస్తుందేమోనని కాసేపు ఆగి చూశాడు కూడా.

కనుబొమలు ఎగరేశాడు. దొర కలం మూత మళ్లీ తీశాడు. ఈసారి నిబ్బు తుడవలేదు.

ఇంటికి వచ్చేసరికి రకేరా గుమ్మం ముందు చాప మీద కూర్చుని ఉంది. చేపల వాసన ఇంకా చేతులకే ఉంది. అతను కూర్చునేదాకా ఆగి అడిగింది.

"పెట్టాడా?"

"పెడతానన్నాడు. నాన్న ఇష్టం లేకుండా ఇచ్చాడని నన్ను చెప్పమన్నాడు."

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండడం అతను చూడలేదు. ఇప్పుడు తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడా బేరూ మనిషే.

"చెప్పలేదు" అంది. అడగడం కాదు.

"చెప్పలేదు."

"నేనైనా చెప్పలేకపోయేదాన్నిలే." ఒడిలో ఉన్న మొగలాకులను మడిచి పక్కన పెట్టింది. "ఓడ ఎప్పుడట?"

"ఎల్లుండి పొద్దున. మన పేరే మొదటిది."

రకేరా తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

"అదీ అడిగాడా?"

"అడిగాడు" అన్నాడు కైతారా.